రెండు మూతల కొలత

దుకాణం షట్టరు సగం లేచిందో లేదో, గడ్డి కోసే మిషనును భుజాన వేసుకుని పొడుగామె వచ్చి నిలబడింది. షట్టరు పూర్తిగా పైకి పోయేదాకా ఆమె తల కనబడలేదు.

ఆమె ఆసుపత్రి ఆవరణలో తోటపని చేస్తుంది. పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. స్వీపర్ల దగ్గర్నుంచి డాక్టర్ల దాకా అందరికీ ఆమె పొడుగామె. పేరు లేకపోవడంలో దుకాణం నడిపే మనిషిదీ అదే పరిస్థితి. పేట మొత్తానికీ ఆవిడ ఇంజన్ల వదిన. వయసులో తనకన్నా పెద్దవాళ్ళు కూడా వదినా అనే పిలుస్తారు, ఆవిడా పలుకుతుంది.

దుకాణం మామగారు పెట్టింది. మామగారి చేతిపని కొడుక్కి అబ్బలేదు. ఆ కొడుకు, అంటే వదిన భర్త, బస్సులో టికెట్లు కొట్టుకుంటూ సుఖంగా ఉన్నాడు. అది కోడలికి అబ్బింది. "మావాడు స్పానరు పట్టుకుంటే బోల్టు భయంతోనే అరిగిపోతుంది" అని కన్నతల్లే నలుగురిలో అంటుంది. ఆ కన్నతల్లి, అంటే వదినకు అత్తగారు, రోజూ గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో రేకుపళ్ళెం పెట్టుకుని, విప్పిన స్క్రూలనూ నట్లనూ సైజుల వారీగా డబ్బాల్లోకి ఏరుతూ కూర్చుంటుంది. దుకాణానికి వచ్చే మనుషుల్నీ ఆవిడ అలాగే ఏరుతుంది.

"తాడు రావట్లేదమ్మా," అంది పొడుగామె, మిషనును బల్ల మీద పెడుతూ. "నిన్న వెనక గోడ దగ్గర కోస్తుంటే కీచుమని అరిచి ఆగిపోయింది. అంతే. అప్పట్నుంచీ రాయే."

వదిన స్టార్టరు తాడు పట్టుకుని లాగింది. రాలేదు. ఇంజన్ పట్టేసింది. లోపల పిస్టన్ సిలిండర్ గోడను కరిచిపట్టుకుని కూర్చుంది.

"మేనేజరుగారు ఈ కాగితం కూడా ఇచ్చారు," అంది పొడుగామె. చెయ్యి చాచి ఇచ్చిందే గాని ఆ కాగితం వంక చూడలేదు.

ఆసుపత్రి మేనేజరు స్పష్టంగా రాయగలిగిన మనిషి. పెట్రోలులో ఆయిల్ కలపకుండా పోసిన నిర్లక్ష్యం వల్ల ఇంజన్ పట్టేసిందనీ, యంత్రాల మీద అవగాహన లేని స్త్రీకి మిషను అప్పగించినందుకు ఆసుపత్రి ఈ నష్టం అనుభవిస్తోందనీ, మెకానిక్ ఈ విషయాన్ని ధ్రువీకరించి రేపు మధ్యాహ్నం మూడు గంటలకు సంతకం చేసి కమిటీ ముందుకు తేవాలనీ రాశాడు. తీర్పు ముందే వచ్చేసింది. సాక్ష్యం ఒక్కటే రావలసి ఉంది.

యంత్రాల మీద అవగాహన లేని స్త్రీ అన్న మాట దగ్గర వదిన చూపు రెండు క్షణాలు ఆగింది. ఆ మాట తాను కూడా చదవబోతున్నానన్న ఆలోచన రాసిన మనిషికి వచ్చినట్టు లేదు. అయినా ఆవిడ కోపాన్ని పక్కన పెట్టింది, ఎందుకంటే మిగిలినదంతా నిజమేననుకుంది. ఈ చిన్న ఇంజన్లకు పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోయాలి, లేకపోతే లోపల ఎండి పట్టేస్తాయి. అలా పట్టేసిన ఇంజన్లు ఏడాదికి డజను చూస్తుంది. పదింటిలో ఆయిల్ కలపడం మరిచిపోయి ఉంటారు, పదిమందీ కలిపామనే ఒట్టేస్తారు.

"ఉత్త పెట్రోలు పోశావా?"

"లేదమ్మా. కలిపాను."

"ఎవరైనా అదే అంటారులే," అంది అత్తగారు పళ్ళెంలోంచి తల ఎత్తకుండా. "తప్పు చేసినవాళ్ళు చేశామని ఎప్పుడన్నారు గనక!"

"చెయ్యనివాళ్ళు ఏమనాలో మీరు చెప్పండి పెద్దమ్మగారూ, నేను అదే అంటాను."

అత్తగారు తల ఎత్తింది. మనిషిని కింద నుంచి పైదాకా చూడటానికి ఆవిడకు కాస్త సమయం పట్టింది. ఆ తరవాత ఏ డబ్బాలో వేయాలో తేలని స్క్రూను పక్కన పెట్టినట్టు, ఆమెను వదిలి తన పనిలోకి దిగిపోయింది.

ఉద్యోగంలో చేరి పది నెలలైందనీ, మరో రెండు నెలలు గడిస్తే పర్మనెంటు చేస్తామన్నారనీ పొడుగామె చెప్పింది. ఆ కాగితం మీద సంతకం పడితే రేపు సాయంత్రానికి బయటికే. అలాంటి కాగితం వెంట పెట్టుకుని పోతే ఈ ఊళ్ళో మళ్ళీ ఎవరూ మిషను చేతికివ్వరు. "పార పట్టుకునే రోజులకి పోవాలమ్మా," అంది. ఏడవలేదు. పనికి సంబంధించిన వివరం లాగా చెప్పింది.

"కూర్చో," అంది వదిన. "కూర్చుని చూడు. ఏముంటే అదే రాస్తాను. నీకోసం ఒక అక్షరం తగ్గించను, ఆయనకోసం ఒక అక్షరం పెంచను."

ట్యాంకులో మిగిలిన పెట్రోలును గాజు సీసాలోకి వంపి మూత పెట్టింది. స్పార్క్ ప్లగ్ విప్పింది, సైలెన్సర్ విప్పింది. సైలెన్సర్ వెనక ఉన్న రంధ్రంలోకి టార్చి వేసి పొడుగామెను పిలిచింది. "చూశావా? నున్నగా అద్దంలా ఉండాల్సిన పిస్టన్. పిల్లి రక్కినట్టు లేదూ? ఆ గీతలన్నీ వేడికి కరిగి అంటుకుపోయిన చోట్లు."

పట్టేసిన ఇంజన్ ముందు బలం చూపినవాళ్ళు ఇంజన్‌నే పోగొట్టుకుంటారు. వదిన ప్లగ్ రంధ్రంలోంచి పల్చటి నూనె కొంచెం పోసి, గడియారం చూసి, మరో పని చేతిలోకి తీసుకుంది. గంటన్నర తరవాత ఫ్లైవీల్ నట్టుకు స్పానరు తగిలించి, కుడికి ఒక వెంట్రుకవాసి, ఎడమకు ఒక వెంట్రుకవాసి కదిపింది. మళ్ళీ నూనె. మళ్ళీ అటూ ఇటూ. నిద్ర లేవనని మొండికేసిన పిల్లను తట్టినట్టు తట్టింది. పదకొండు కావస్తుండగా లోపల ఏదో టక్కుమంది. స్పానరు చుట్టూ తిరిగింది.

"వచ్చింది!" అని పొడుగామె లేచి నిలబడి, పైన వేలాడే బెల్టుల గుత్తికి తల కొట్టుకుంది.

"ఇంజన్ బాగుపడేలోగా మనం నీ తల బాగుచేయించాల్సొచ్చేలా ఉంది," అంది అత్తగారు. అప్పటికి ఆవిడ గొంతులో పుల్లదనం సగం తగ్గింది.

వదిన సిలిండర్ ఊడదీసింది. దాని కింద ఉండే అడుగు గదిలోకి వేలు పెట్టి, బేరింగుల చుట్టూ తడిమి, వేలిని వెలుతురులోకి తెచ్చింది. వేలు నూనెతో మెరుస్తోంది. ఉత్త పెట్రోలు తాగిన ఇంజన్‌లో బేరింగులు ఎండి, నీలంగా మాడి ఉంటాయి. ఇక్కడ పలచగానే అయినా ఆయిల్ ఉంది.

పాత క్యాలెండర్ కాగితం చింపి బల్ల మీద పరిచింది. గాజు సీసాలోని పెట్రోలు ఒక చుక్క దాని మీద వేసింది. పక్కనే, తన దుకాణంలో వాడే డబ్బాలోంచి మరో చుక్క. పెట్రోలు ఎగిరిపోయేదాకా ముగ్గురూ ఆ రెండు తడిమచ్చల వంకే చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి దుకాణం చుక్క ఉన్నచోట ముదురు మరక తేలింది. ఆసుపత్రి చుక్క ఉన్నచోట కూడా మరక ఉంది, గాని చిన్నది, లేతది.

"కలిపావు," అంది వదిన.

"పొద్దుట్నుంచీ అదే అంటున్నాను కదమ్మా."

"కలిపావు గాని చాల్లేదు. ఎంత కలుపుతావు?"

"రెండు మూతలు. లీటరుకి రెండు మూతలు. ఒక్కనాడు తక్కువెయ్యలేదు."

"రెండు మూతలని నీకెవరు చెప్పారు?"

పొడుగామె ఆశ్చర్యంగా చూసింది. "డబ్బా మీద ఉందిగా. తెల్ల రంగుతో. మీరే రాశారట."

వదినకు ఆ తెల్ల రంగు గుర్తొచ్చింది.

నిజమే. నాలుగేళ్ళ కిందట ఆసుపత్రిలో ఉన్న పాత తోటమాలికి కొలగిన్నె మీది సన్నగీతలు కనబడక తికమక పడుతుంటే, వదినే కుంచె తీసుకుని, పెట్రోలు డబ్బా మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసిచ్చింది. ఆ కొలత మామగారిది. ఆయన పేట మొత్తానికి ఆయిల్ కలపడం నేర్పింది మూతతోనే. మరిచిపోయే వీల్లేని కొలతని పేరు.

"ఇప్పుడు వాడే ఆయిల్ సీసా తీసుకురా. మూతతో సహా."

పొడుగాటి కాళ్ళు పనికొచ్చాయి. ఇరవై నిమిషాల్లో తెచ్చింది. రెండు నెలల కిందట ఆసుపత్రి స్టోరుకు కొత్తగా వచ్చిన ఆకుపచ్చ సీసా. వదిన అల్మారాలో ఎర్ర సీసా ఉంది, మామగారి కాలం నాటి నుంచి వాడుతున్న రకం. ఎర్రమూత నిండా నీళ్ళు పోసి సిరంజిలోకి లాగింది. ఇరవై మిల్లీలీటర్లు. ఆకుపచ్చ మూత నిండా పోసి లాగింది. సిరంజి గొట్టంలో నీళ్ళు ఎనిమిది దగ్గరే ఆగిపోయాయి. నమ్మలేక మళ్ళీ లాగింది. మళ్ళీ ఎనిమిదే.

లీటరుకు నలభై పడవలసిన ఆయిల్ రెండు నెలలుగా పదహారే పడుతోంది. పొడుగామె ఆజ్ఞ తప్పకుండా, ఒక్క రోజు మరవకుండా, ఎండలో ఆ ఇంజన్‌ను మాడ్చింది. ఆజ్ఞ వదినది.

ముందుగా అత్తగారే తేరుకుంది. "మూతది తప్పు. మనది కాదు."

"ఎంత పట్టే మూతో చెప్పకుండా మూతలని రాసింది నేనే కదా అత్తయ్యా."

"మీ మామగారు ముప్పై ఏళ్ళు మూతతోనే కొలిచారు. ఒక్క ఇంజన్ పట్టేసిందా?" అత్తగారు ఒంటికాలి మీద లేచింది.

"ఆయన రోజుల్లో దొరికేది ఈ ఎర్ర సీసా ఒక్కటేగా."

"అయితే ఇప్పుడు ఆయన్ని తప్పు పడతావా?"

"ఆయన మనిషి పక్కన నిలబడి, మూత చేతికిచ్చి చూపించేవారు. నేను రంగుతో రాసి, నా దారిన నేను వచ్చేశాను. తప్పు పట్టేది నన్నే."

ఈసారి అత్తగారు గొంతు తగ్గించి, తలనొప్పికి మాత్ర ఇచ్చినంత ఆప్యాయంగా ఇచ్చింది సలహా. "పిస్టన్ పాతబడిందని రాసి పడెయ్యి. నాలుగేళ్ళ మిషనేగా, ఎవరు కాదంటారు? ఈ పిల్ల ఉద్యోగం నిలుస్తుంది, మన దుకాణం పరువు నిలుస్తుంది. ఆసుపత్రిలో ఆరు మిషన్లు మన చేతిలో ఉన్నాయి, మరిచిపోకు."

వదిన పొడుగామె వంక చూసింది. ఆ సలహా ఆమెకూ మంచిదే. ఆమె మాత్రం రెండు మూతలనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తోంది. వాటి మీది నుంచి చూపు తిప్పకుండానే అంది: "అలా రాస్తే నా ఉద్యోగం ఉంటుందమ్మా. కాకపోతే కొత్త పిస్టన్‌కి కూడా నేను రెండు మూతలే పోస్తాను. అప్పుడేమని రాస్తారు?"

వదిన సిలిండర్ చేతిలోకి తీసుకుంది. ఏదైనా తేల్చుకోవలసి వచ్చినప్పుడు ఆవిడ చేతులకు పని కావాలి. బాత్‌రూములు కడిగే యాసిడ్‌ను పుల్లకు చుట్టిన దూదితో, గోడకు అంటుకున్న పిస్టన్ లోహం మీద మాత్రమే అద్దింది. అది బుసబుసమని పొంగి కరిగింది. వెంటనే నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, సన్నని గరుకు కాగితంతో వేలికొసలు అరిగిపోయేంత ఓపికగా రుద్దింది. గోడ బతికే ఉంది. సొరుగులోంచి అదే కొలత కొత్త పిస్టన్, రింగులు తీసి, ఆయిల్ రాసి, వేళ్ళతో రింగులను నొక్కిపట్టి సిలిండర్‌లోకి జార్చింది. బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించింది.

ఈలోగా గుమ్మం దగ్గర్నుంచి అత్తగారి గొంతు వినిపించింది. తనలో తాను లెక్కపెట్టుకుంటోంది. "కలప డిపోవాళ్ళకి రాసిచ్చావు. మొక్కల నర్సరీకి రాశావు. స్కూలు గ్రౌండువాళ్ళకి రాశావు. ఆ ఫౌంటెను పార్కుకి..."

"మొత్తం పదకొండు డబ్బాలు అత్తయ్యా. అదే నేనూ లెక్కేస్తున్నా."

"పన్నెండు. మీ ఆడపడుచు ఇంటి డబ్బా మరిచావు."

"అయ్యో!"

"దాని మిషను పట్టేస్తే నిన్నూ బతకనివ్వదు, నన్నూ బతకనివ్వదు." అత్తగారు పళ్ళెం కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది. పాత పిస్టన్ సంగతి మళ్ళీ ఎత్తలేదు. "కాగితం కలం తెచ్చుకో. రాసేదేదో ముక్కుసూటిగా రాయి. మధ్యలో మీ మామగారి ఊసు మాత్రం తేకు. ఆయన్ని నేను ఎలాగూ ఇంట్లో అడుగుతాను."

ఫొటోగా మారి ఎనిమిదేళ్ళయిన మామగారు ఆ రోజంతా ఏమేం విన్నారో వదిన అడగలేదు.

మర్నాడు మూడింటికి మేనేజరు గదిలో మూడు కుర్చీలు వేశారు. పొడుగామెకు వెయ్యలేదు. ఆవరణ బాగోగులు చూసే కమిటీ తరఫున హెడ్ నర్సు వచ్చి కూర్చుంది. ముప్పై ఏళ్ళుగా వార్డులను క్రమశిక్షణలో పెట్టిన ఆవిడ ముందు ఫ్యాను కూడా జాగ్రత్తగా తిరుగుతున్నట్టుంది.

"సంతకం చేశారు కదా?" అన్నాడు మేనేజరు చెయ్యి చాపి.

"మీరు రాసినదాని మీద చెయ్యలేదండీ. నేను రాసి తెచ్చాను." వదిన కాగితం విప్పి పైకి చదివింది. ఆయిల్ కలిపారనీ, సరిపడా పడలేదనీ, అందుకు కారణం లీటరుకు రెండు మూతలని డబ్బా మీద తాను రాసిన కొలతేననీ, సీసా మారినప్పుడు ఆ కొలత తప్పుతుందని తాను ముందే గ్రహించి ఉండవలసిందనీ, ఈమె ఆ కొలతను అక్షరాలా పాటించిందనీ, ఇంజన్ బాగుచేసి తెచ్చాననీ చదివింది. చదవడం పూర్తయ్యాక మేనేజరు రాసిన కాగితం, మరకల కాగితం, రెండు మూతలు, సిరంజి బల్ల మీద పెట్టింది. మేనేజరుగారి మంచినీళ్ళ గ్లాసును తన వైపు జరుపుకుని, అందులోంచే నీళ్ళు తీసి కొలిచి చూపింది.

"అంటే తప్పు మీదా?"

"రాత నాది. తప్పూ నాదే."

మేనేజరు వెనక్కి వాలాడు. ఒక మనిషి చేజారినా మరొకరు దొరికారన్న ఊరట ఆయన మొహంలో కనబడింది. "అయితే మా మిషన్లు మీ దుకాణానికి పంపే విషయం ఆలోచించాల్సి ఉంటుంది."

"ఆలోచించండి. అది మీ హక్కు," అంది వదిన. ఆ మాట అనడానికి ఆవిడ గుండె రాయి చేసుకోవలసి వచ్చింది. "ఆమెను తీసెయ్యడం మాత్రం మీ హక్కు కాదు."

హెడ్ నర్సు సిరంజిని చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూసింది. "స్టోరుకి సీసా మార్చి తెప్పించిందెవరు?"

మేనేజరు ఫ్యాను వంక చూశాడు.

"సీసా మీద ఎంత కలపాలో ఉంటుంది కదా. మార్చినప్పుడు ఈమెకి చదివి చెప్పారా?"

"అదీ... ఆయిలే కదా అని..."

"మందే కదా అని మా వార్డులో ఎవరైనా మూతతో కొలిచి పోస్తే ఆ రోజే ఇంటికి పంపిస్తాను. అంతకంటే ముందు, కొలిచే గ్లాసు ఇవ్వకుండా పొయ్యమన్నవాళ్ళని పంపిస్తాను." ఆవిడ గొంతు పెంచలేదు. మేనేజరు రాసిన కాగితాన్ని ఆయన ముందుకు తోసింది. "కొట్టెయ్యండి. కింద సంతకం పెట్టండి."

మేనేజరు కలం తీశాడు. నిర్లక్ష్యమన్న వాక్యాన్ని కొట్టేశాడు. కలం మూత పెట్టబోయాడు.

"ఇంకొకటుందండీ," అంది వదిన. "అవగాహన లేని స్త్రీ అన్నది."

"అది మామూలుగా..."

"మామూలుగా రాశారు కాబట్టే, మామూలుగానే కొట్టెయ్యండి."

గోడ వారగా నిలబడ్డ పొడుగామె ఇప్పుడు ముందుకు వచ్చి, బల్ల మీదికి వంగి, ఆ వాక్యం మీద గీత చివరిదాకా పడిందో లేదో చూసింది. "ఆ కాగితం నకలు నాకొకటి ఇప్పించండి సార్," అంది.

"ఇస్తారు," అంది హెడ్ నర్సు.

దుకాణం సంగతి కమిటీ వచ్చే నెల చూస్తుందన్నారు. చూడనీ అనుకుంది వదిన. రేపటి నుంచి ఆవిడకు పన్నెండు గడపలు ఎక్కే పని ఉంది, పన్నెండు చోట్లా చీవాట్లు తినే పని ఉంది. ఆడపడుచు ఇంటికి మొదట వెళ్ళాలో చివర వెళ్ళాలో అన్నదొక్కటే తేలలేదు.

బయట వెనకగోడ పక్కన గడ్డి మోకాళ్ళెత్తు పెరిగి ఉంది. పొడుగామె నేల మీద గుడ్డ పరిచి, కొలగిన్నెను కంటికి ఎదురుగా ఎత్తి పట్టుకుని, నలభై గీత దాకా ఆయిల్ పోసింది. ఒక చుక్క ఎక్కువైతే తిరిగి సీసాలోకి వంచి, మళ్ళీ పోసింది. లీటరు పెట్రోలులో కలిపి, డబ్బా మూత బిగించి బాగా కుదిపింది. ట్యాంకు నింపి, మిషను పట్టీ భుజానికి తగిలించుకుని, తాడు లాగింది. మొదటిసారి ఇంజన్ దగ్గింది. రెండోసారి పొగ వదిలి ఆగింది. మూడోసారి అందుకుంది.

"మొదటి గంట మరీ గట్టిగా రేసు ఇవ్వకు! కొత్త రింగులు కుదురుకోవాలి!" అని అరిచి, వదిన ఇంజన్ చప్పుడు సరిగా ఉందో లేదో వినడానికి చెవి వంచుతూ దగ్గరికి వెళ్ళింది.

పొడుగామె చెయ్యెత్తి ఆపింది. "వెనక్కి జరగండమ్మా! రాళ్ళెగురుతాయి!"

మామగారు పోయిన తరవాత ఇంజన్ దగ్గర వదినకు ఆజ్ఞ ఇచ్చిన మనిషి లేడు. ఆవిడ నాలుగడుగులు వెనక్కి వేసింది.

"ఇంకా!" అంది పొడుగామె. ఆవిడ ఇంకా జరిగాక, గోడ వైపు తిరిగి, మొదటి వరస కోయడం మొదలుపెట్టింది.